వెనక్కి తిరిగిన చెవి

పరుగు కాళ్ళలో ఉండదంటాడు నోవాగా తాత.
మైనపు కోబా జింకను అరచేతిలో పడుకోబెట్టి
వెన్ను మీద బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కుతాడు.
అంతే,
అప్పటిదాకా ఊరికే ఉన్న మైనం
వగడూగు ఎర్రదుమ్ములోకి దూకబోతుంది.

నేను తిత్తి ఊదేవాణ్ణి.
గాడిదపేడ, బంకమట్టి కలిపి తొక్కి
అచ్చు చుట్టేవాణ్ణి.
మైనం కరిగి పోయిన దారినే కంచు వస్తుంది,
అచ్చు పగిలితేగాని బయటపడదు.
విరిగిన కుళాయిలు, చెవుల్లేని తాళాలు,
ఎవరో తూకానికి అమ్మిన తూటా తొడుగులు
అన్నీ ఒకే మూసలో ఎర్రబడతాయి.

నాలుగు కాళ్ళూ గాల్లోనే ఉండాలి తాతకి.
కొనేవాళ్ళకి నిలబడే బొమ్మ కావాలి.
అందుకని కడుపు కింద ఓ గడ్డిదుబ్బు పోస్తాం,
బరువంతా అదే మోస్తుంది.
"ఆ గడ్డొక్కటే అబద్ధం," అంటాడు,
"మిగతాది నేను చూసిందే."

కుడిచెవి ముందుకి, ఎడమచెవి వెనక్కి.
ఏ బొమ్మకైనా అంతే.
లియోన్ నుంచి వచ్చినావిడ కళ్ళద్దాలు సర్దుకుని
ఎంత సొగసైన పరుగు అంది.
ఆ చెవెందుకలా అంది.
తాత ధర చెప్పాడు.

డోలో తాగిన ఓ రాత్రి నాకు చెప్పాడు.
పదేళ్ళప్పుడు
వేటగాళ్ళ కోసం పొదలు అదిలించే పిల్లల్లో తనొకడు.
చేతిలో ఖాళీ పాలడబ్బా, ఓ రాయి.
రోజుకూలి గుప్పెడు ఉప్పు.
డబ్బా కొట్టుకుంటూ వెళ్తే
గడ్డిలోంచి ఒక్కసారిగా లేచింది.
"అది చూసింది తుపాకులవైపే.
విన్నది మాత్రం నన్ను."
తర్వాత ఏమైందో ఆయన చెప్పలేదు, నేనడగలేదు.
బుర్ర అడుగున మిగిలిన డోలోలో
ఈగ ఒకటి ఈదుతోంది.

నిన్నటి పోతలో గాలిబుడగ చేరింది.
అచ్చు పగలగొడితే
ఎడమచెవి రాలేదు.
పనికిరానిదాన్ని తిరిగి మూసలో వెయ్యడం నా పని.
పటకారుతో పట్టుకున్నాను కూడా.

తాత లాక్కున్నాడు.
ఇంకా వెచ్చగానే ఉంది.
రంపం తీసి
గడ్డిదుబ్బు మొదలంటా కోసేశాడు.
"నిలబడదు తాతా," అన్నాను.
"ఎవరు నిలబడమన్నారు?"

సైకిలు వెనక బుట్టలో
పక్కకి పడుకుని,
గతుకు గతుక్కీ పైకెగురుతూ
చెవిలేని కోబా
మలుపు తిరిగింది.