వాన అవతలి పక్క

మూడు రోజులే. అందులో ఒకటి విమానం మింగేసింది.

కోహాలా తీరమంతా మాడిన అట్టులా లావా.
దాని మీద తెల్ల పగడపు ముక్కలతో
ఎవరో ఎవరికో పేర్చి వదిలిన పేర్లు.
"ముట్టుకోకు" అంది నొహేయా,
వ్యాను ఆపి,
రేగొడియం లాంటి ఉప్పటిదేదో చప్పరిస్తూ.

రేవు దగ్గర చెప్పులోంచి ముల్లు దిగింది.
వంగి చూస్తే సర్కారు తుమ్మ!
నువ్విక్కడ కూడానా, అన్నాను పైకే.
"కియావే" అని సరిదిద్దింది.
"దీని బొగ్గుల మీద కాల్చిన చేప తిన్నాక తిట్టు."

రాతిమీది బొమ్మలు, తాబేళ్ళు, ఒక పొద్దుగూకడం,
చీటీలో అన్నీ కొట్టేశాను.
ఈ పక్క ఏడాదంతా కలిపి జానెడు వానట.
మబ్బు కొండ భుజమెక్కి
ఇటు ఓసారి తొంగి చూసి
వచ్చిన దారినే దిగిపోయింది.

చీకటి పడ్డాక నొహేయా
హీలోలో ఉన్న అక్కకి ఫోన్ చేసింది.
ఏమీ మాట్లాడుకోలేదు.
అక్క ఫోను కిటికీ బయటికి చాపిందేమో,
రేకుల మీద దబదబా వాన.
నొహేయా స్పీకరు పెంచి
స్టీరింగు పక్కన పెట్టింది.

ఎర్ర దుమ్ము కాళ్ళతో కూర్చుని వింటూ వింటూ
చెయ్యి దానంతటదే పోయి
వ్యాను అద్దం పైకెత్తింది.