గుండ్రనిదైతే ఎరుపు

జొన్నకోతలయ్యాక బేపియావ్ కొండల్లో
గ్వాన్ దలూ బూడిదరంగు పలకల్ని ఉలితో విడదీస్తాడు,
తడిసి అతుక్కుపోయిన పేజీల్ని విడదీసినట్టు,
తొందరపడితే చిరుగుతుందని తెలిసిన చేతులతో.
ఆ ఏడు ఒక పేజీలో
కోడిపెట్టంత జంతువు దొరికింది.
మెడ వెనక్కి విరుచుకుని,
వీపు పొడుగునా ఈకల మసి.

"బతికున్నప్పుడు ఏం రంగో?" అని అడిగాడట,
దాన్ని తీసుకెళ్ళడానికొచ్చిన మా ప్రొఫెసర్ని.
"మా టోంగ్‌ చెప్పాలి" అందిట ఆవిడ.
టోంగ్ అంటే నేనే.
ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియనివాణ్ణి.

చిన్నప్పుడు అమ్మ రేగుపళ్ళు కోసుకు రమ్మంటే
ఒక్కొక్కటీ వేళ్ళతో ఒత్తి చూసేవాణ్ణి.
పండు మెత్తన, కాయ గట్టి.
రంగుతో నాకు పని పడలేదు.

ఇప్పుడూ అంతే.
ఆ మసిని ఆవగింజంత గిల్లి, బంగారు పూత పూసి
ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెడతాను.
(బతికుండగా ఈ వైభవం అది ఎరగదు.)
ఇరవైవేల రెట్లు పెంచితే
మసి కాదది, గింజలు.
పొడుగ్గా వరిగింజల్లా ఉంటే నలుపు.
బఠానీల్లా గుండ్రంగా ఉంటే తుప్పు ఎరుపు.
యంత్రానికి రంగులు తెలియవు,
దానికున్నదంతా బూడిద.
రాత్రిళ్ళు మేమిద్దరం పక్కపక్కన కూర్చుని
ఒకరి లోపాన్ని ఒకరు ఎత్తిచూపకుండా
పనిచేసుకుంటాం.

ఒకప్పుడు వీటిని
కుళ్ళు తినొచ్చిన సూక్ష్మజీవులనుకున్నారు.
సైజు అదే, ఆకారం అదే.
తర్వాత ఎవరికో అనుమానమొచ్చింది:
ఈకలో ముదురు చార ఉన్నచోట గుంపుగా ఉండి
లేతచార దగ్గర ఒక్కటీ లేదేం?
ఆకలి
చారలు చూసి తింటుందా?

ముప్పై ఏడు చోట్ల గిల్లాను.
వీపు మీద గుండ్రనివి.
తోక మీద గుండ్రనివి, ఖాళీ, గుండ్రనివి, ఖాళీ.
కంటి చుట్టూ పొడుగువి.
పొట్ట దగ్గర ఏమీ లేదు.
ఏమీ లేకపోతే తెలుపా?
కావచ్చు. పసుపైనా కావచ్చు,
తిండిలోంచి వచ్చే పసుపు రాతిలో నిలవదు.
పట్టికలో ఆ గడి దగ్గర "తెలియదు" అని రాశాను.
నా చేతిరాతలో బాగా కుదిరిన మాట అదొక్కటే.

బొమ్మ వేసే సువో యీనింగ్ వచ్చి
"తుప్పంటే ఏ తుప్పు? ముదురా, లేతా?" అని
నాలుగు రంగుముక్కలు ముందు పెట్టింది.
నాకు నాలుగూ ఒకటే.
సొరుగు తెరిచాను.
కోళ్ళ అంగడిలో పిచ్చివాడనిపించుకుని
ఏళ్ళ తరబడి పోగేసిన ఈకలు, ఒక్కోదానికీ
గింజల పొడవూ వెడల్పూ కొలిచి చీటీ కట్టినవి.
నూటపద్నాలుగో నంబరు తీసిచ్చాను,
ఒక పుంజు మెడ మీది ఈక.
"గింజలు దీనికి సరిపోయాయి.
నువ్వు చూసి వెయ్యి."

ఆ ఎండాకాలం బొమ్మ మ్యూజియం గోడకెక్కింది.
గ్వాన్ దలూ మనవరాల్ని వెంటబెట్టుకుని
ఆరుగంటలు బస్సులో వచ్చాడు.
టోపీ తీసి, చాలాసేపు నిలబడి,
నన్ను చూడకుండానే అన్నాడు:
"మా చేలో కోతకొచ్చిన జొన్నకంకి రంగు."

అయితే జొన్నకంకులు ఎర్రగా ఉంటాయన్నమాట.
పద్దెనిమిదేళ్ళు ఆ చేల మధ్యే పెరిగాను.
ఎవరూ చెప్పలేదు,
చెప్పాల్సిన సంగతని ఎవరికి తోస్తుంది?

కోతలకి ముందు ఒక ఆదివారం
బేపియావ్ వెళ్ళి గట్టు మీద నిలబడ్డాను.
గాలికి చేనంతా ఊగుతోంది,
నా కళ్ళకి ఆకూ కంకీ కలిసిపోయి.
ఒక కంకి వంచి అరచేతిలో నలిపాను.

గింజలు గుండ్రంగానే ఉన్నాయి.