ఊపిరి లెక్క

హోనలులు నుంచి మద్రాసుకి ఎంత దూరమని
గోడ మీది పటానికి దారం పెట్టి కొలిచాడు మోజెస్.
మళ్ళీ గ్లోబు మీద.
స్కేలు కట్టి చూస్తే రెండూ ఒకటి కాలేదు.
ఏది నిజం సార్ అంటాడు.

నాకు తెలిసిన కొలత వేరు.
సంచిలో మూడోవంతు నీళ్ళు, పైనంతా ఆక్సిజన్,
ముక్కుకి రబ్బరు తొడుగేసుకున్న తల్లిరొయ్య.
ముడి పడిన క్షణం నుంచి
గాల్లో ఎన్ని గంటలు, దిగి ఎక్కేచోట ఎన్ని,
కాగితం మీద ముద్ర పడేదాకా ఎన్ని,
వేళ్ళ మీద తీసేస్తూ పోతే
మిగిలిందే ఊపిరి.

మద్రాసులో అయిదు రోజుల పరీక్షలు.
మళ్ళీ సంచి, మళ్ళీ ముడి.
అక్కణ్ణుంచి విమానమంటే మా పెంచలనర్సయ్య వ్యానే.
తడ, నాయుడుపేట, గూడూరు.
నెల్లూరు బైపాసులో టీ కూడా తాగనివ్వను.
"దొరసాన్లు నిద్రపోతున్నార్లే అబ్బయా" అంటాడు గానీ
కావలి దాటేదాకా తనూ గుటక మింగడు.

రామాయపట్నం చేరేసరికి కోడి కూసింది.
నూట ఎనభైలో నాలుగు పోయాయి.
మిగతావి నల్లతొట్టిలో, టార్చి వేస్తే
ఎర్రటి కళ్ళు జతలు జతలుగా.

వారం తిరక్కముందే ఆడవాటికి ఒక్కో కన్ను నులిమేశాం.
గుడ్లు తొందరగా పెట్టాలి కదా.
ఆ పూట మోజెస్ ఇసకలోకి పోయి నిలబడ్డాడు.

రాత్రి డ్యూటీ నాది.
ఒంటికంటిది ఒకటి గోడ వెంబడే తిరుగుతోంది,
చుట్టుకి ఏడు బారలు,
ఆగకుండా.
తెల్లారాక మోజెస్‌ని దారం అడిగాను.