మిరప లేని ఆకు

బ్రాడీపేట గ్రంథాలయం, మేడమీద గది.
నాంచారమ్మగారు ఎర్రగుడ్డ మూట విప్పి
నిమ్మగడ్డి నూనెలో తడిపిన దూదితో
తాటాకును తుడుస్తారు, పసిబిడ్డ వీపులా.

మసి గీతల్లోంచి మెల్లగా లేస్తుంది
ఒక వంటిల్లు:
రోట్లో మిరియాలు దంచే మనిషి,
పొయ్యి పక్కన పిల్లి.
దారం దూర్చే చిల్లిని
వాడెవడో, గంటం పట్టినవాడు,
బంతి చేసి దానికిచ్చాడు.

అక్షరాలు నాకు సగం కూడబలుక్కోవాలి.
బొమ్మకి మాత్రం ఆకలేసింది.

పురుగు తొలిచిన సన్నదారి
వంటవాడి మీసం దాకా వచ్చి ఆగింది.
"ఘాటుకి జడిసిందిలెండి" అంటారావిడ.

కింద మిరప టిక్కీల లారీ వెళ్లింది.
ఇద్దరం తుమ్మాం,
ఆకు మీదికి అరచేతులు అడ్డం పెట్టి.

అతనొక్కడే తుమ్మలేదు.
అతని ఊళ్లోకి మిరపకాయ
ఇంకా ఓడ దిగి రాలేదు.