ఎలుగు

గుడిసెలోకి పంపేముందు మారికా మళ్ళీ చెప్పింది:
సెంటు పూసుకోవద్దు, సాసేజ్ పొట్లం విప్పొద్దు,
పొద్దున ఎనిమిదికి నేనొచ్చేదాకా తలుపు తీయొద్దు.
అన్నిటికన్నా ముఖ్యం, మాట్లాడొద్దు.
అన్నయ్యా నేనూ మొహాలు చూసుకోకుండానే
తలలూపాం.
ఆ ఒక్కటీ మేం ఆరేళ్ళుగా పాటిస్తున్నదే.

టికెట్లు కొన్నది వదిన.
నడుం నొప్పని అబద్ధమాడి
తనది నా చేతిలో పెట్టింది.

ఎస్టోనియాలో జూన్ రాత్రి
గుమ్మం దాకా వస్తుంది,
చెప్పులు విప్పకుండానే వెళ్ళిపోతుంది.
చెక్క బల్ల, రెండు స్లీపింగ్ బ్యాగులు, జానెడు కిటికీ.
బయట స్ప్రూస్‌ల నడుమ నాలుగు ముసలి ఆస్పెన్లు,
గాలి లేకున్నా ఆకులు వణుకుతూ.
వాటిని చూడగానే నా మెడ బిగిసింది.

నాన్న వదిలి వెళ్ళిన చెలకలో ఇలాంటివే ముప్పై ఉండేవి.
నేను నార్వేలో చేపలు కోస్తున్నప్పుడు
అన్నయ్య ఒక సంతకం పెట్టాడు.
నేనొచ్చేసరికి మొద్దులు,
లారీ చక్రాల గాడిలో నిలిచిన నీళ్ళు.
ఎందుకమ్మావని నేనడిగిన తీరు అడిగినట్టు లేదు.
తను చెప్పింది జవాబులా లేదు.

పదకొండింటికి ఒక రకూన్ కుక్క వచ్చి
చేప తల నోట కరుచుకుని
అప్పులవాడు వెంటపడ్డట్టు వెనక్కి చూసుకుంటూ పోయింది.
తర్వాత ఏమీ లేదు.
ఏమీ లేకపోవడం చాలాసేపు ఉంది.

నాన్న బైనాక్యులర్‌తో చూసీ చూసీ
అన్నయ్య నాకందించాడు.
కంటికానించే రబ్బరు ఇంకా వెచ్చగానే ఉంది.
ఎడమ అద్దంలో అదే పాత బూజు మచ్చ.
నాన్న ఎడమకన్ను మూసి చూసేవాడు.
మేమూ అంతే, ఇద్దరం.

రెండు దాటాక తొర్రలోంచి
అరచేయంత బూడిదరంగు తల పెట్టింది.
తలకు మించిన నల్లటి కళ్ళు.
దూకింది.
దూకడమంటే అది కాదు,
ఎవరో జేబురుమాలు విసిరినట్టు
గాల్లో పరుచుకుని
అవతలి మానుకి అతుక్కుంది.
ఎగిరే ఉడుత.
అన్నయ్య మోచేయి నా పక్కటెముకల్లో దిగింది,
చిన్నప్పట్లాగే, నొప్పి పుట్టేట్టు.
చూశానని తలూపాను.
ఆ తర్వాత తను కిటికీవైపు తిరిగి
చాలాసేపు ముక్కు తుడుచుకున్నాడు.
జలుబే కావచ్చు.

ఎనిమిదికి గడియ తీసి మారికా అడిగింది:
"ఎలుగు వచ్చిందా?"
ఇద్దరం ఒకేసారి నోరు తెరిచాం.
రాత్రంతా వాడని ఎలుగు పెగల్లేదు.
చివరికి అన్నయ్యే దగ్గి, "రాలేదు" అన్నాడు,
ఆమెతోనో నాతోనో.

గుడిసె వెనక్కి తిరిగితే,
ఏ కిటికీ లేని వైపు,
బురదలో ఒక అడుగు.
అంచుల్లోంచి నీళ్ళు ఇంకా ఊరుతున్నాయి.
మారికా గబగబా ఫోన్ తీసింది.
అన్నయ్య పక్కనే తన బూటు పెట్టి కొలిచాడు,
చాల్లేదు.
"నలభయ్యారు," అన్నాడు. "నాన్న సైజు."

ఈసారి అన్నది నాతోనే.