పేరుకి బేరం

బోరా గాలి షట్టర్లను తన్నుతున్న పొద్దున
మెయిల్లో ఉత్తరం వచ్చింది.
"నీవెస్ గారూ, మీ కొట్టు పేరున్న డొమైన్
నా చేతిలో ఉంది.
తొమ్మిది వందల యూరోలు. శుక్రవారం దాకే."
సంతకం: క్లైవ్ రెన్‌షా.
పక్కన టై కట్టుకున్న ఫొటో.
ఆ టై ఎవరి మెడదో.

ట్రియెస్తెలో అకార్డియన్లు బాగుచేస్తాను నేను.
ముప్పై ఒక్కేళ్లుగా తలుపు మీద ఒకటే మాట: మాంతిచె.
అంటే తిత్తి. గాలి పీల్చి గాలి వదిలేది.
నాన్న రాసిన ఎర్ర అక్షరాలు,
చివరిది వంకర, ఆ రోజు నిచ్చెన జారింది.
ఆ పేరుకి ఇంకో తలుపు కూడా ఉందని,
దాని తాళాలు ఎవరో టై కట్టుకున్నాయన
బొడ్లో దోపుకున్నాడని
నాకెవరూ చెప్పలేదు.

పంపేద్దామనే అనుకున్నాను, దాచుకోవడమెందుకు.
డబ్బాలోంచి తీసి సగం లెక్కపెట్టాను కూడా.
చేతులు జిగురుగా ఉండి
రెండు ఇరవైలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

ఆ కాసేపట్లోనే గొరాజ్ద్,
నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు,
మైనం వేళ్లతో ఫోన్లో ఆ పేరు కొట్టాడు.
తెరుచుకుంది.
ఆరిపోయిన కొలిమి బొమ్మ ఒకటి,
కింద స్విట్జర్లాండు నంబరు.
"అక్కా, ఈ ఇంట్లో మనుషులున్నారు" అన్నాడు.

ఎల్వేజియో. కమ్మరి. ఎనభై మూడు.
"అమ్మడమా? మా కొలిమితిత్తి పేరమ్మా అది.
తోలు ఎలుకలు కొరికాయి, పేరు మిగిలింది.
మనవరాలు ఏటా డబ్బు కడుతుంది, నిలబడి ఉంది."
నవ్వాడు. నవ్వు దగ్గులోకి జారింది.
"ఆ క్లైవు నిరుడు నాకూ రాశాడు.
'మాంతిచె ట్రియెస్తె' ఉంది, కొంటారా అని."

నా కొట్టుని. ఆయనకి.
ఆయన కొలిమిని. నాకు.
బర్రె నీళ్లలో ఉండగా బేరమాడేవాళ్లని చూశాం గానీ
ఈ దొర రెండు చెరువుల గట్ల మీదా తిరుగుతూ
ఈ చెరువు వాళ్లకి ఆ బర్రెనీ
ఆ చెరువు వాళ్లకి ఈ బర్రెనీ
అమ్మజూపుతున్నాడు.
ఒంటి మీద తడి చుక్క లేదు.

తిట్టి రాద్దామన్నాడు గొరాజ్ద్,
స్లోవీనులో తిట్లు బలంగా ఉంటాయట.
వద్దన్నాను.
గొంతు పోయిన పెట్టెని తిట్టం కదా మనం,
ఒక్కో మీట నొక్కి
గాలి ఎక్కడ పోతోందో చెవి పెట్టి వింటాం.

రాశాను:
"రెన్‌షా గారూ, డబ్బు సిద్ధం.
ఇల్లు మీదేగా, గోడ మీద ఒక్క మాట రాయండి చాలు.
రేపు మధ్యాహ్నం పన్నెండుకి
ఆ పేజీలో 'ఉప్పు' అని కనిపించాలి.
చూసిన మరుక్షణం పంపుతాను."

మొదటి జవాబు: సర్వర్ మరమ్మతులో ఉంది.
రెండోది: వకీలు ఊళ్లో లేడు.
మూడోది: సగం ముందు పంపితే మాట రాస్తాం.
నాలుగోదానికి నా పేరు నివేదిత అయింది.
ఇలా రోజూ ఎంతమందికి రాస్తాడో,
ఎవరి పేరు ఎవరి నెత్తిన పెడుతున్నాడో
తెలియక అలిసిపోయినట్టున్నాడు.
ఒక్క నిమిషం జాలేసింది.
లెక్కపెట్టిన సగం గుర్తొచ్చి పోయింది.

రాత్రి ఎల్వేజియోకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను.
"ఉప్పా?" అన్నాడు. ఇంకేం అనలేదు.

పన్నెండుకి రెండు నిమిషాలుండగా మెయిలు:
"రాశాం మేడమ్. ఉప్పు. చూసుకోండి. డబ్బు?"

గుండె ఒక్కసారి మీట తప్పింది.
గొరాజ్ద్ పేజీ తెరిచాడు.
కొలిమి బొమ్మ కింద నిన్న లేని ఒకే ఒక్క మాట,
పెద్ద నల్ల అక్షరాల్లో:

బొగ్గు.

డొమైన్లు నమోదు చేసేవాళ్లకి ఫిర్యాదు పంపాం,
మూడు భాషల్లో, ఉత్తరాలన్నీ జతచేసి.
అందింది అని ఒక యంత్రం జవాబిచ్చింది.
మనిషి ఇంకా ఇవ్వలేదు.

అన్నట్టు, నోట్లు డబ్బాలో పెట్టబోతే
ఆ రెండు ఇరవైలు ఇంకా విడిపోలేదు.
ఆవిరి పట్టాలి.