ముందు పండే చెట్టు

ఇస్ఫారా లోయలో జల్దారు పండంటే జూన్ చివర.
మా మామగారు మీర్జోకరీం మాత్రం
మే నెలలోనే తింటానని పంతం పట్టాడు.
ఎక్కణ్ణుంచో తడిగుడ్డలో చుట్టి తెచ్చిన పుల్లని
చేదు జల్దారు మొదలుకి అంటుకట్టి,
సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి,
నాలుగేళ్ళు దానితో మాట్లాడాడు.
నాతో అన్ని మాటలు ఎప్పుడూ ఆడలేదు.

ఊరు నవ్వింది.
ఎండబెడితే నిలవదు, పెట్టెకెత్తితే చితుకుతుంది,
ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములే వాడి కదా,
ఎందుకయ్యా ఈ తొందర?
ఆయన బదులివ్వడు.
చలికాలమంతా ఎండుపండ్లతో పెనుగులాడిన నోరది,
పళ్ళు నాలుగే మిగిలాయి.
మెత్తనిది కావాలి, త్వరగా కావాలి. అంతే.

ముందు పండాలంటే ముందు పూయాలి.
అక్కడే ఉంది చిక్కు.
మార్చి పదిహేడు రాత్రి చుక్కలు మరీ దగ్గరికొచ్చాయి.
గడ్డి, పిడకలు, పాత టైరొకటి తగలబెట్టి
చెట్టుకి పొగ దుప్పటి కప్పుదామని చూశాం.
పొగ మా కళ్ళనే కప్పింది.
తెల్లారి పువ్వు విప్పి చూస్తే
నడుమ ఉండాల్సిన పచ్చని చుక్క
కాటుక పెట్టినట్టు నల్లగా ఉంది.
ఆయన చెట్టు చుట్టూ ఒక్కసారి తిరిగి
టీ తాగకుండా పడుకున్నాడు.

మేలో చూసింది నేనే.
గోడ దాటిన ఒక్క కొమ్మ,
షరోఫత్ తందూరు మీదికి వంగినది.
కాలవ నీళ్ళ తగాదాలో
మూడేళ్ళుగా మాతో పలకని షరోఫత్.
రొట్టెలమ్ముకునే మనిషి, ఆ రాత్రి కూడా
రెండింటికే పొయ్యి రాజేసింది.
ఆ సెగ తగిలిన మేరకే
పదకొండు కాయలు.

కొమ్మ మాది. వేడి ఆమెది.
మామ గోడెక్కలేడు. నేను ఎక్కలేదు.

ఒక ఉదయం గోడ మీద తువ్వాలు పరిచి ఉంది,
దాని మీద ఆరు పండ్లు.
"ఆరేనా?" అన్నాడు మామ.
లెక్క ఆయనకూ తెలుసన్నమాట.
మొదటిది చిగుళ్ళతోనే నలిపి,
గడ్డం మీద కారింది తుడుచుకోకుండా
గింజని చాలాసేపు బుగ్గన పెట్టుకున్నాడు.
పులుపో తీపో చెప్పలేదు.

సాయంత్రం రంపం పట్టుకుని లేచాడు.
ఆ కొమ్మ కోసేస్తాడేమోనని వెనకే పరిగెత్తాను.
ఆయన ఇటువైపు కొమ్మలు రెండు తీసేశాడు,
వచ్చే ఏడు చెట్టు
అటే పెరగాలని.